నాలుగు సెకన్ల లోవెల్

మా ఇంట్లో పద్నాలుగేళ్ళపాటు ఒక చనిపోయిన కుర్రాడు ఉన్నాడు. ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, ఆకులు రాలేటప్పుడు ఒకసారి, మా ఆయన వాణ్ణి బయటికి తీసేవాడు. వంటింటి పక్క చిన్న గదిలో, కిటికీ కింద కంప్యూటర్ తెరమీద, అరచేతిలో సగం కూడా లేని బొమ్మ. గడ్డకట్టిన సరస్సు, చేపలు పట్టేవాళ్ళ చెక్కగుడిసె, దాని ముందు ఎర్ర టోపీ పెట్టుకున్న కుర్రాడు. నోరు తెరుస్తాడు, ఏదో అంటాడు, నవ్వుతాడు, తల తిప్పుకుంటాడు. నాలుగు సెకన్లు. శబ్దం ఉండదు. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి నోరు తెరుస్తాడు.

నేను వంటింట్లో పిండి కలుపుతూ, "అబ్బాయి మాట్లాడాడా?" అని కేకేసేదాన్ని. "లేదు" అనేవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయిన మొగుడూపెళ్ళాల మధ్య అలాంటి పిచ్చి వేళాకోళాలు కొన్ని మిగులుతాయి. ఇప్పుడు తలుచుకుంటే నా నాలిక మీద నేనే వాత పెట్టుకోవాలనిపిస్తుంది.

మా ఆయన పేరు రేనో కార్పినెన్. మాది మిషిగన్‌లో పైకొసన, హాన్‌కాక్. ఊళ్ళో ఎవర్నడిగినా రేనో అంటే వంతెన అవతల కాలేజీకి ఆవిరి పంపే బాయిలర్ గదిలో పనిచేసిన మనిషనే చెబుతారు. ముప్ఫైఒక్క ఏళ్ళు చేశాడు. గోడ మీద చెయ్యి ఆనించి లోపల ఏ గొట్టం కారుతోందో చెప్పేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. మా పెళ్ళిలో కూడా పాస్టర్ అడిగిందానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి, ఇంకేమైనా ఉందా అన్నట్టు నా వంక చూశాడు. రెండోవైపు నేనున్నాను కాబట్టి మా ఇంట్లో మాటలకు లోటు రాలేదు.

ఇంటికి వచ్చాక సౌనా ఆవిరిగదిలో అరగంట, తరువాత ఆ కంప్యూటర్. కంప్యూటర్లను నడిపే లినక్స్ ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. అందరిదీ కాబట్టి ఒక్కో మూల ఒక్కొక్కరు ఊడ్చుకోవాలి. రేనో వంతుకు వచ్చిన మూల ఏమిటంటే, బ్రౌజర్లో ఎవరైనా వీడియో తెరిస్తే బొమ్మా శబ్దమూ సరిగ్గా వచ్చేలా చూసే ముక్క. జర్మనీనుంచీ బ్రెజిల్‌నుంచీ మనుషులు అతను పెద్ద ప్రొఫెసర్ అనుకుని ఉత్తరాలు రాసేవాళ్ళు. బొగ్గుమసి వాసన వేసే చొక్కాతో కూర్చుని వాళ్ళకు జవాబులిచ్చేవాడు. ఒక్క నియమం మాత్రం తప్పేవాడు కాదు. తను కళ్ళారా చూడనిదే, చెవులారా విననిదే, "పనిచేస్తోంది" అనే మాట అతని వేళ్ళనుంచి వచ్చేది కాదు. ఇప్పుడు రిటైరయ్యాడు. ఆ ముక్కను ఇంకెవరికో అప్పగించేశాడు. ఎందుకు అప్పగించాడని అడిగినవాళ్ళకు కళ్ళు అలసిపోయాయని చెబుతాడు.

2005 ఏప్రిల్‌లో ఆర్లిస్ వెన్‌బర్గ్ అనే ఆవిడ దగ్గరనుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. వీళ్ళ లినక్స్‌లో ఏది చెడినా రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా జవాబివ్వొచ్చు, రాసింది చెరగదు. ఆవిడ ఉండేది మ్యూనిసింగ్‌లో, మాకు రెండున్నర గంటల దారి. ఆస్పత్రి దుప్పట్లు ఉతికేచోట పని. చిట్టాలో ఎలా రాయాలో తెలియక, పక్కింటావిడకు చెప్పుకున్నట్టు రాసింది.

కొడుకు పేరు లోవెల్, ఇరవైరెండేళ్ళు. అమ్మ పాత కంప్యూటర్లో తనే లినక్స్ వేసి ఇచ్చాడు. బ్రౌజర్ తెరవగానే కనబడేలా ఒక పేజీ కూడా చేసిపెట్టాడు. పైన వాతావరణం, కింద చర్చి కబుర్లు, మధ్యలో మంచు మీద తన ఫోన్‌తోనే తీయించుకున్న నలభై సెకన్ల వీడియో. ఆ తరువాత మూడు వారాలకు మంచు విరిగి, స్నోమొబైల్ బండి‌తో సహా సరస్సులోకి పోయాడు. ఫోన్ జేబులోనే ఉంది.

ఆ వీడియోను బతికుండగా ఒకసారి ఫోన్లో ఆవిడకు చూపించాడట. అప్పుడావిడ చేపలు శుభ్రం చేస్తోంది, కుళాయి తిప్పి ఉంది. చివర్లో వాడు అమ్మతోనే ఏదో అన్నాడు. నీళ్ళ చప్పుడులో అందలేదు. తరువాత వింటాలే అంది. ఇప్పుడేమో బ్రౌజర్ తెరిచినప్పుడల్లా వాడు ప్రత్యక్షమవుతున్నాడు, పెదాలు కదుపుతున్నాడు, మాట రావడం లేదు. "చివర్లో ఏమన్నాడో వినాలి. అంతకుమించి ఏం వద్దు" అని ముగించింది.

రేనో జవాబు రాస్తుంటే నేను వెనక నిలబడి చదివాను. బిడ్డ పోయిన తల్లికి ఓదార్పుగా ఒక్క మాట రాయవయ్యా అని భుజం మీద పొడిచాను. రాశాడు, సరిగ్గా ఒక్క మాటే. మిగతాదంతా వాళ్ళ పద్ధతి ప్రకారం నడిచింది. ఆ పద్ధతి ఏమిటంటే, లోపం కనబడేంత అతి చిన్న తునక పంపమంటారు. పెద్ద ఫైళ్ళను చిట్టా తీసుకోదు. అందుకని వీడియోలో ఆవిడకు కావలసినచోట నాలుగైదు సెకన్లు కత్తిరించి పంపమన్నాడు. కత్తిరించడం ఆవిడకేం తెలుస్తుందని, టైపు చేయాల్సిన రెండు వరుసలు కూడా రాసిచ్చాడు. ఎంత ఓపికో మా ఆయనకు అని ఆ రోజు మురిసిపోయాను.

మర్నాటికల్లా చివరి నాలుగు సెకన్లు వచ్చాయి. పెట్టి చూశాడు. బొమ్మ కదిలింది, శబ్దం రాలేదు. "నాకూ వినబడలేదు. ఫిర్యాదు నిజమే" అని రాశాడు. వాళ్ళ లోకంలో అది పెద్ద మర్యాద. నీ మాట నమ్మాను అని ఒప్పుకున్నట్టు.

తరువాత సంగతి వివరించాడు. ఆ కాలం ఫోన్లు గొంతును కుదించి మూటగట్టే విద్య మీద కొన్ని కంపెనీలకు పేటెంట్లు ఉన్నాయి, ఆ మూట విప్పే సాధనాన్ని మేం ఊరికే పంచకూడదు, గడువు తీరేదాకా ఆగాలి. పక్కదారిన తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు కానీ రేనో ఆ దారి చెప్పే రకం కాదు. "గడువు తీరాక వస్తుంది. ఫైలు జాగ్రత్తగా దాచుకోండి" అన్నాడు. ఆవిడ వాళ్ళ ఊరి లైబ్రరీలో వేరే కంప్యూటర్ మీద కూడా పెట్టి చూసిందట. అక్కడా రాలేదు. పాత ఫోన్ల శబ్దం అంతేనమ్మా అని వాళ్ళు సర్దిచెప్పారట.

లోవెల్ తునక పరీక్షల మూటలో చేరింది. లినక్స్ కొత్త రూపం విడుదలయ్యే ముందు కంప్యూటర్లు తమంతట తాము పెట్టుకునే పరీక్షలవి. వాటిలో "తప్పుతుందని తెలిసినవి" అని ఒక జాబితా ఉంటుంది. అందులో ఉన్నవి తప్పితే ఎవరూ కంగారుపడరు, తెలిసిందేగా అని దాటిపోతారు. లోవెల్‌ను ఆ జాబితాలో పెట్టారు. రేనో ఒక్కడే జాబితాతో సరిపెట్టుకోకుండా ఏడాదికి రెండుసార్లు ఆ పిల్లాణ్ణి స్వయంగా చూసేవాడు. బ్రౌజర్లు మారిపోయాయి, పాత అతుకులన్నీ పీకేశాయి, వీడియోలకు కొత్త దారులు వచ్చాయి. ప్రతిసారీ లోవెల్‌కు మళ్ళీ దారి వేశాడు. ప్రతిసారీ వాడు నోరు తెరిచాడు, నవ్వాడు, తల తిప్పుకున్నాడు.

నాకు భయం పట్టుకున్నది ఎప్పుడో చెప్పలేను. మొదట్లో జాలి. తరువాత అలవాటు. ఆ పైన ఒక రోజు, ఆ గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతుంటే, తెర మీద వాడు నా వంకే చూసి ఏదో అన్నట్టనిపించింది. చేతిలో దిండుగలీబు జారిపోయింది. ఆ తరువాత రేనో ఆ పరీక్ష పెట్టే రోజుల్లో నేను అటువైపు తలుపు వేసేసేదాన్ని. వేసినా ఏం లాభం, నా పెదాలు వాటంతటవే వాడి పెదాల్లా కదిలేవి. సూపర్‌మార్కెట్లో వరుసలో నిలబడి ఉండగా కూడా.

2019 వసంతంలో గడువులన్నీ తీరిపోయాయి. మూట విప్పే సాధనాన్ని ఎవరైనా పంచుకోవచ్చని వాళ్ళ లాయర్లు చెప్పారు. రేనో దాన్ని చేర్చి పరీక్షలు పెట్టాడు. "తప్పుతుందని తెలిసినవి" జాబితాలో పదకొండు ఉన్నాయి. పది గట్టెక్కాయి. ఎవరెవరివో పాత ఫోన్ల గొంతులు, కుక్క మొరిగింది, ఎవరో పుట్టినరోజు పాట పాడారు, అన్నీ మా వంటింట్లోకి వినబడ్డాయి. లోవెల్ మాత్రం పలకలేదు.

ఒక వారం రేనోకి అన్నం సయించలేదు. శనివారం చేసే పన్నుకాకు అట్టు కూడా అంచులు కొరికి వదిలేశాడు. పొయ్యి మీద కాఫీ పెట్టి మరిచిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సైమా, ఇందులో శబ్దం లేదు" అన్నాడు.

"ఎప్పుడుంది గనక" అన్నాను.

"అలా కాదే. అసలు లేనే లేదు. నేనే తీయించేశాను."

కూర్చోబెట్టి చూపించాడు. పద్నాలుగేళ్ళుగా అందరి కళ్ళముందూ ఆ చిట్టాలోనే ఉన్నాయి ఆ రెండు వరుసలు. మొదటి వరుస వీడియోను కత్తిరిస్తుంది. ఆ కత్తిరించే సాధనానికి అప్పట్లో ఆ ఫోను శబ్దం అర్థంకాదు, అర్థంకానిదాన్ని అవతల పారేసి బొమ్మ ఒక్కటే ఉంచుతుంది. రెండో వరుస, ఫిర్యాదులో ఉన్న పేరూ ఫైలు పేరూ ఒకటిగా ఉండాలని, కత్తిరించిన తునకకు పాత వీడియో పేరే పెడుతుంది. ఆ పేరుతో ముందే ఒకటి ఉందమ్మా, దాన్ని చెరిపెయ్యనా అని వీళ్ళ యంత్రం అడగదు. చెప్పింది చేస్తుంది. ఆర్లిస్ ఒక్క అక్షరం పొల్లుపోకుండా టైపు చేసింది. నలభై సెకన్లూ, వాటి శబ్దమూ ఆ క్షణాన పోయాయి. గొంతు లేని నాలుగు సెకన్లు మిగిలాయి. వాటిని చూసి మా ఆయన, నాకూ వినబడలేదు, ఫిర్యాదు నిజమే అని రాశాడు.

అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. కిందికి చదువుతూ పోతే, మర్నాడే ఆవిడ అడిగింది: "ఇప్పుడు వీడియోలో మిగతాది కూడా కనబడడం లేదండీ. బాగుచేశాక అది కూడా వస్తుందా?" రేనో ఆ వరుస చూడలేదు. చూసిన ఒకడు, ఏ ఊరివాడో, ఒక ఫిర్యాదులో ఒకే విషయం రాయాలి, దానికి వేరే ఫిర్యాదు పెట్టుకోండి అని కసురుకున్నాడు. అదీ వాళ్ళ పద్ధతే. ఆవిడ "క్షమించండి" అని రాసింది. వేరే ఫిర్యాదు పెట్టలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను నేను పొగుడుకోవడం కాదు, నా నోటికి మా వీధి వీధంతా జడుస్తుంది. ఆ రోజు రేనోని కడిగిపారేశాను. ఒక ఆడకూతురి బిడ్డ గొంతు పోగొట్టి, తెర వెనక దాక్కుని పద్నాలుగేళ్ళు పరీక్షలు పెట్టావా అన్నాను. అతను జరిగిందంతా చిట్టాలో రాసేస్తానన్నాడు. అందులో రాయడమేమిటి, ఆవిడ ఇంటికి వెళ్ళి మొహం చూసి చెప్పు అన్నాను. ఉత్తరం రాస్తానన్నాడు. వీల్లేదన్నాను. చివరికి వీడియో విషయం మాట్లాడాలి, వస్తున్నాం అని మాత్రం రాసి, మే నెల రెండో శనివారం బయలుదేరాం.

రోడ్డు నీడల్లో ఇంకా మంచు కరగలేదు. దారి పొడుగునా సరస్సు పక్కనే వస్తోంది. రేనో నడుపుతూ ఒకే ఒకసారి నోరు తెరిచాడు, ఏమని మొదలుపెట్టాలి అని. ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఆవిడకు నిజం తెలుసుకునే హక్కుంది అన్నాను. ఆ మాట నాకు చాలా బాగుందనిపించింది. నా సీటు ముందున్న అద్దంలో నా మొహం చూసుకుని టోపీ సర్దుకున్నాను కూడా.

ఆర్లిస్ మెట్లమీదే నిలబడి ఎదురుచూస్తోంది. డెబ్భై దగ్గర పడిన మనిషి, చిన్నది, ఉతుకుడు పనికి చేతుల చర్మం మెరిసిపోయి ఉంది. రేనో కారు దిగీ దిగకముందే రెండు చేతులూ పట్టేసుకుంది.

"నువ్వేగా రేనోవి. వచ్చేసిందయ్యా. కొత్తది వేశాను, వచ్చేసింది" అంది.

ఏం వచ్చిందో మాకు అర్థంకాలేదు. లోపలికి లాక్కెళ్ళింది. కిటికీ పక్క బల్ల మీద కంప్యూటర్, దాని ముందు రెండు కుర్చీలు ముందే వేసి ఉంచింది. యాలకుల నిసు రొట్టె కోసి పెట్టింది. ఏడాదికి రెండుసార్లు కొత్త రూపం రాగానే వేసుకోవడం, లోవెల్‌ను పెట్టి చూడడం, పద్నాలుగేళ్ళూ తను కూడా అదే చేసిందట. ఒక్కసారి కూడా మానలేదట. మొన్న ఏప్రిల్లో వేసింది. మొదటి రోజు లేదు. రెండో రోజు ఏదో గాలి చప్పుడులా ఉంది. మూడో రోజు వినబడింది.

బ్రౌజర్ తెరిచింది. పైన వాతావరణం, కింద చర్చి కబుర్లు. నేను లోవెల్‌ను వాడి సొంత ఇంట్లో చూడడం అదే మొదలు. నొక్కింది. వాడు నోరు తెరిచాడు. ఆవిడ పెదాలు కూడా కదిలాయి. "'అమ్మా, నువ్వూ ఒకసారి రావచ్చు కదా' అంటున్నాడు" అంది. "మంచు మీదికి రమ్మని ఎప్పుడూ అడిగేవాడు. నాకు చలి. వెళ్ళేదాన్ని కాదు." గది అంతా వెతికినా నాకు ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆవిడ మొహం మాత్రం పిల్లాడు ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంది.

"విన్నారుగా?" అంది రేనో వైపు తిరిగి. "మళ్ళీ పెట్టనా?"

రేనో నా వంక చూశాడు. ముప్ఫైనాలుగేళ్ళ కాపురంలో ఆ చూపు నాకు కొత్త కాదు, అలవాటున్న చూపే. బయట ఎవరింట్లోనైనా ఇంకో ముక్క కేక్ తీసుకోవాలనిపిస్తే అలాగే చూస్తాడు. వద్దంటే ఆగిపోతాడు, ఊరుకుంటే తీసుకుంటాడు. అతను "విన్నాను" అనబోతున్నాడు. తన చెవులతో విననిదాన్ని జీవితంలో ఒక్కసారి విన్నాననబోతున్నాడు. నేను ఊరుకుంటే చాలు. ఊరుకోవడం ఎంతసేపు, ఒక గుక్క కాఫీ తాగేంతసేపు.

"చెప్పు రేనో" అన్నాను. "వచ్చింది అందుకేగా."

చెప్పాడు. ఐదారు మాటల్లో చెప్పాడు. నేను రాసిచ్చిన రెండు వరుసలు అని మొదలుపెట్టి, ఇందులో శబ్దం ఎప్పుడూ లేదు, ఇక రాదు అని ఆపాడు. ఆర్లిస్ మౌస్ మీద చెయ్యి తీయకుండా విన్నది. ఏడవలేదు. అరవలేదు. అరిచి ఉంటే నాకు ప్రాణం తెరిపిన పడేది.

మళ్ళీ నొక్కింది. లోవెల్ నోరు తెరిచాడు, నవ్వాడు, తల తిప్పుకున్నాడు. ఆవిడ ముందుకు వంగింది. మళ్ళీ నొక్కింది. శబ్దం పెంచింది. స్పీకర్‌కు చెవి ఆనించి మళ్ళీ నొక్కింది. అలా ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. రేనో లేచి ఆపబోయి, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"ఇందాక వచ్చింది" అంది మెల్లగా. ఇంకోసారి నొక్కి, "ఇప్పుడు రావడం లేదు" అంది.

అయినా మాకు కాఫీ పోసింది. మేము తాగాం. మిగిలిన రొట్టెను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. రేనో ముందు వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాడు, మా వైపు వీపు పెట్టి, సరస్సు వైపు చూస్తూ. గుమ్మం దగ్గర ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా లేదు.

"నువ్వు అనకపోతే అతను చెప్పేవాడు కాదు కదా?" అని అడిగింది.

"కాదు" అన్నాను.

ఆవిడ తలూపింది. చలిగాలి లోపలికి వస్తోందని తలుపు వేసుకుంది.